న్యూరోసైన్స్ పీహెచ్‌డీ తర్వాత: పోస్ట్‌డాకా, సీఆర్‌ఓనా, మందుల కంపెనీనా, జీసీసీనా?

మెదడు మీద పీహెచ్‌డీ చేసి బయోటెక్ వైపు చూస్తున్నవారు మొదట అడిగేది జీతం ఎంత అని. ఆ తర్వాత, ఏ కంపెనీ మంచిదని. రెండూ అడగాల్సినవే. అయితే ఈ రంగం తీరు వల్ల వాటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మీరు పనిచేస్తున్న ప్రాజెక్టు మూతపడితే మీ చేతిలో ఏం మిగులుతుంది?

మెదడు మందుల్లో మూతపడటం అరుదైన సంగతి కాదు. 2018 జనవరిలో ఫైజర్ కొత్త న్యూరోసైన్స్ మందుల అన్వేషణ నుంచి తప్పుకుంది. సుమారు 300 ఉద్యోగాలు పోయాయి. ఆ మందుల్లో కొన్నింటిని తీసుకుని అదే ఏడాది బెయిన్ క్యాపిటల్ పెట్టుబడితో సెరెవెల్ అనే కంపెనీ పుట్టింది. 2023 డిసెంబరులో దాన్ని అమెరికా మందుల కంపెనీ ఆబ్‌వీ సుమారు 870 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు ప్రకటించింది. 2024 నవంబరు వచ్చేసరికి సెరెవెల్ నుంచి వచ్చిన ప్రధాన మందు ఎమ్రాక్లిడిన్ స్కిజోఫ్రీనియా రోగుల మీద రెండో దశ పరీక్షల్లో విఫలమైంది. దానికి నెలన్నర ముందే, అదే మస్కరినిక్ గ్రాహకాల (కణాల మీద మందు అతుక్కునే ప్రోటీన్ల) కుటుంబం మీద పనిచేసే మరో స్కిజోఫ్రీనియా మందు కోబెన్‌ఫీకి అమెరికాలో అనుమతి వచ్చింది.

మన ఊరి ఉదాహరణ కావాలంటే హైదరాబాద్‌లోని సువెన్ లైఫ్ సైన్సెస్ ఉంది. సెరటోనిన్ 5-హెచ్‌టీ6 గ్రాహకాన్ని అడ్డుకునే మసుపిర్డిన్‌ను వాళ్లు అల్జైమర్స్ రోగుల జ్ఞాపకశక్తి కోసం పరీక్షించారు. 2019లో రెండో దశ ఫలితాలు వచ్చాయి, ప్రధాన లక్ష్యం నెరవేరలేదు. అదే గ్రాహకం మీద ఇతర కంపెనీలు తెచ్చిన ఇడలోపిర్డిన్, ఇంటెపిర్డిన్ అప్పటికే బోల్తాపడ్డాయి. కానీ సువెన్ వాళ్లు డేటాను మళ్లీ తవ్వి, అల్జైమర్స్ రోగుల్లో కనిపించే ఎజిటేషన్ మీద, అంటే ఆగని చికాకు, ఉద్రేకం మీద ఈ మందు ప్రభావం ఉండవచ్చని గమనించి మూడో దశకు వెళ్లారు.

ఈ బృందాల్లో తెలివితక్కువవాళ్లు ఎవరూ లేరు. ఎలుకలో పనిచేసింది మనిషిలో పనిచేయకపోవడం ఈ రంగం స్వభావం. అందుకే గెలుపును చూసి కాకుండా ఓటమి తర్వాత మిగిలేదాన్ని చూసి ఉద్యోగం ఎంచుకోమంటాను.

## ఏ కొలతలతో చూడాలి

మొదటి కొలత చెప్పేశాను. రెండోది పేరు. మీరు చేసిన పని మీ పేరుతో బయటకు వస్తుందా, రహస్య ఒప్పందం కింద బీరువాలో ఉండిపోతుందా?

మూడోది తిరుగుదారి. పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత ల్యాబులో చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం నుంచి పరిశ్రమకు ఎప్పుడైనా రావచ్చు. పరిశ్రమ నుంచి విశ్వవిద్యాలయానికి వెళ్లడం కష్టం, ఎందుకంటే ఎంపిక సంఘం ముందుగా చూసేది ఇటీవలి పేపర్లనే. దానికితోడు చాలా ఫెలోషిప్‌లకు పీహెచ్‌డీ వచ్చిన రోజు నుంచి గడియారం నడుస్తూ ఉంటుంది. యూరప్‌లోని మేరీ క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కు పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన అనుభవం 8 ఏళ్లు దాటకూడదు.

నాలుగోది డబ్బు, అది ఎంత నమ్మకంగా చేతికి వస్తుందన్నది. ఐదోది రోజువారీ పని. ఉదయం నుంచి సాయంత్రం దాకా మీ చేతులు ఎలుక మీద ఉంటాయా, పిపెట్ మీదా, కీబోర్డు మీదా? ఈ చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. చేరిన ఆరు నెలలకు బాధపడేది ఎక్కువగా దీని గురించే.

## పోస్ట్‌డాక్

మనవాళ్లలో పోస్ట్‌డాక్ అంటే భద్రమైన దారి అన్న అభిప్రాయం ఒకటి ఉంది. నా ఉద్దేశంలో అది తలకిందులైన లెక్క. కంపెనీలో ప్రాజెక్టు ఆగిపోతే తరచుగా మరో ప్రాజెక్టులో వేస్తారు, జీతం సాగుతుంది. పోస్ట్‌డాక్‌లో మీరు నమ్ముకున్న జన్యుమార్పిడి ఎలుకల వంశం రెండేళ్లకు కూడా ఆశించిన లక్షణం చూపకపోతే ఆ నష్టం మీ ఒక్కరిదే. పేపరు రాదు, పేపరు లేకపోతే తర్వాతి మెట్టు ఉండదు.

పని కలిసివస్తే మాత్రం పోస్ట్‌డాక్‌కు సాటి లేదు. ప్రశ్న మీది, పేరు మీది, దారులు అన్నీ తెరిచే ఉంటాయి. మన దేశంలో మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం, బెంగళూరులో ఐఐఎస్‌సీ, ఎన్‌సీబీఎస్, నిమ్హాన్స్, హైదరాబాద్‌లో సీసీఎంబీ లాంటి చోట్ల ప్రాజెక్టు నిధుల మీద చేరేవారికి కేంద్రం 2023 జనవరి నుంచి సవరించిన లెక్క ప్రకారం రీసెర్చ్ అసోసియేట్ మొదటి శ్రేణికి నెలకు 58,000, రెండో శ్రేణికి 61,000, మూడో శ్రేణికి 67,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. అంకె పరవాలేదు. అది ప్రతి నెలా టంచనుగా వస్తుందా అన్నదే సందేహం. నిధుల వాయిదా ఆలస్యమైతే మూడు నెలల డబ్బు ఒకేసారి రావడం పరిశోధకులకు కొత్తేమీ కాదు. ఇంటికి డబ్బు పంపాల్సిన బాధ్యత ఉన్నవారు ఆ ల్యాబులో ఇప్పుడు పనిచేస్తున్నవారిని విడిగా పలకరించి ఈ సంగతి కనుక్కోవాలి. గైడును అడిగితే తెలియదు.

సొంత ఫెలోషిప్ తెచ్చుకుంటే స్థితి మారుతుంది. 2008లో మొదలై హైదరాబాద్ నుంచే నడుస్తున్న ఇండియా అలయన్స్, అంటే కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్టు కలిసి నడిపే సంస్థ, తొలిదశ పరిశోధకుల కోసం ప్రత్యేక ఫెలోషిప్‌లు ఇస్తుంది. పోటీ గట్టిదే. దరఖాస్తు రాయడమే ఒక శిక్షణ కాబట్టి, కంపెనీకి వెళ్లాలనుకునేవారు కూడా ఒకసారి రాసి చూడటం మంచిది.

అమెరికా సంగతికొస్తే, అక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ 2024లో కొత్త పోస్ట్‌డాక్‌కు నిర్ణయించిన కనీస భృతి ఏడాదికి 61,008 డాలర్లు. బోస్టన్ అద్దెల ముందు అది పెద్ద మొత్తమేమీ కాదు. పరిశోధకులు ఎక్కువగా వాడే జె-1 వీసా మీద వెళ్లినవారు రెండేళ్లు స్వదేశంలో ఉండి తీరాలన్న నిబంధన మనవాళ్లను ఏళ్ల తరబడి కట్టేసింది. ఏ దేశాలవారికి ఆ నిబంధన వర్తిస్తుందో చెప్పే నైపుణ్యాల జాబితాను 2024 డిసెంబరులో సవరించారు, అందులో భారత్ లేదు కనుక ఆ ముడి చాలామందికి వీడింది. ప్రభుత్వ నిధులతో వెళ్లినవారికి మాత్రం ఇంకా వర్తించవచ్చు. మరోవైపు 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము విధిస్తూ ఉత్తర్వు వచ్చింది. "ముందు పోస్ట్‌డాక్, తర్వాత అక్కడే బయోటెక్‌లో ఉద్యోగం" అన్న పాత పథకాన్ని కళ్లు మూసుకుని నమ్మే రోజులు కావివి.

## సీఆర్‌ఓ, అంటే కాంట్రాక్టు పరిశోధన సంస్థ

బెంగళూరులో సింజీన్, హైదరాబాద్‌లో అరాజెన్, సాయి లైఫ్ సైన్సెస్ లాంటివి. విదేశీ కంపెనీ అణువును పంపుతుంది, ఇక్కడ పరీక్షించి డేటా పంపుతారు. విశ్వవిద్యాలయాల్లో దీన్ని కాస్త చిన్నచూపు చూస్తారు. "పరిశోధన కాదు, సేవ" అంటారు. ఆ మాటలో సగమే నిజం.

ఇక్కడ పని ఎలా ఉంటుందో ఒక్క ఉదాహరణ. కోడ్ నంబరు తప్ప పేరు లేని అణువు వస్తుంది. ఎలుకలకు నోటి ద్వారా ఇచ్చి, అరగంటకు, గంటకు, రెండు గంటలకు, నాలుగు గంటలకు రక్తం, మెదడు సేకరిస్తారు. మెదడును రుబ్బి, మాస్ స్పెక్ట్రోమీటర్‌లో మందు ఎంత ఉందో కొలుస్తారు. రక్తంలో ఉన్నదానికి మూడు రెట్లు మెదడులో కనిపిస్తే పీహెచ్‌డీ నుంచి నేరుగా వచ్చినవారు సంబరపడతారు. అనుభవజ్ఞులు వెంటనే అడిగేది, అందులో స్వేచ్ఛగా ఉన్నదెంత? మెదడు నిండా కొవ్వే. కొవ్వుకు అతుక్కునే మందు అక్కడ గుట్టగా పేరుకుంటుంది కానీ గ్రాహకం దాకా చేరదు. అందుకని డయాలసిస్ పొరతో అతుక్కోని భాగాన్ని విడిగా కొలిచి, రెండు వైపులా ఉన్న స్వేచ్ఛా మందు నిష్పత్తిని తీస్తారు. అది ఒకటికి దగ్గరగా ఉంటే మంచి సూచన, బాగా తక్కువైతే రక్తనాళాల గోడలోని పి-గ్లైకోప్రోటీన్ పంపు మందును బయటకు నెట్టేస్తోందేమో చూడాలి. మూడు రెట్లు అని మురిసిపోయిన అణువు ఈ లెక్కలో పదో వంతుకు పడిపోవచ్చు. ఎన్నో పేపర్లలో ఈ తేడా పట్టించుకోకుండానే "మందు మెదడును చేరింది" అని రాసేస్తారు.

ఇలాంటి జ్ఞానం ప్రాజెక్టుతోపాటు చావదు. సీఆర్‌ఓలో అణువు మూలపడ్డా మీ నైపుణ్యానికి నష్టం లేదు, వచ్చే వారం ఇంకో అణువు వస్తుంది. ప్రవర్తన పరీక్షలకూ ఇదే మాట వర్తిస్తుంది. కొత్త వస్తువును గుర్తుపట్టే పరీక్షను పీహెచ్‌డీలో మీరు ఒక్కో నెల ఒక్కోలా మార్చి ఉంటారు. ఇక్కడ అదే పెట్టె, అదే వెలుతురు, ఏ ఎలుకకు ఏ మందు ఇచ్చారో చూసేవారికి తెలియకుండా, పక్కన పనిచేస్తుందని తెలిసిన డొనెపెజిల్ లాంటి మందును పెట్టుకుని చేయాలి. పోల్చడానికి పెట్టుకున్న ఆ మందే పనిచేయకపోతే ఆ రోజు డేటా మొత్తం చెత్తబుట్టలోకే. ఈ క్రమశిక్షణ ఒంటబడితే ఎక్కడికి వెళ్లినా అన్నం పెడుతుంది.

లోపాలు కూడా చిన్నవి కావు. మీ పేరు ఎక్కడా కనిపించదు. మీరు పరీక్షించిన అణువు మనిషి దాకా వెళ్లిందో లేదో చాలాసార్లు మీకే తెలియదు. రెండేళ్ల దాకా ప్రతి వారం ఏదో నేర్చుకుంటారు. ఆ తర్వాత చేసిందే చేస్తుంటారు. ప్రాజెక్టు నాయకత్వంలోకి, ప్రయోగాల రూపకల్పనలోకి జరగకపోతే అక్కడే బిగుసుకుపోతారు. నా సలహా, సీఆర్‌ఓను మొదటి ఉద్యోగంగా మనస్ఫూర్తిగా తీసుకోండి, అక్కడే స్థిరపడే ముందు మాత్రం బాగా ఆలోచించండి.

## సొంత మందు కనిపెట్టే కంపెనీ

చదువుకున్నదానికి దగ్గరి పని ఇదే. ఏ గ్రాహకాన్ని పట్టుకోవాలి, ఏ జంతు నమూనా నమ్మదగింది, ఏ అణువును ఆపేయాలి అన్న చర్చల్లో కూర్చుంటారు. సీఆర్‌ఓలో దొరకనిది ఇక్కడ దొరుకుతుంది: నిర్ణయం ఎలా తీసుకుంటారో కళ్లారా చూడటం. పేటెంటులో పేరుండవచ్చు, ఆలస్యంగానైనా పేపర్లు రావచ్చు.

చిక్కేమిటంటే, మెదడు మందుల మీద సొంతంగా పెట్టుబడి పెట్టే భారతీయ కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. ఒక కంపెనీలో ఒకే గ్రాహకం మీద ఐదేళ్లు పనిచేసిన వ్యక్తికి, ఆ గ్రాహకం మీద పరిశ్రమకు నమ్మకం పోతే, పక్క కంపెనీ అంటూ ఉండదు. బోస్టన్‌లోనైతే వీధి దాటితే ఇంకో కంపెనీ. ఇక్కడ ఊరు మారాలి, లేదా రంగం మారాలి. 5-హెచ్‌టీ6 మందులు వరసగా పడిపోయిన కాలంలో ఆ గ్రాహకం ఒక్కటే తెలిసినవారి పరిస్థితిని ఊహించుకోండి. ఎజిటేషన్ వైపు మళ్లినప్పుడు పనికొచ్చింది రోగుల ప్రవర్తనను కొలిచే పద్ధతుల జ్ఞానం, డేటాను కొత్త కంటితో చూసే అలవాటు. కాబట్టి చేరితే గ్రాహకంతోపాటు ఒక పద్ధతిలో కూడా దిట్ట కావాలి. మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ సంకేతాలు కావచ్చు, మెదడులోని రసాయనాలను కొలిచే మైక్రోడయాలసిస్ కావచ్చు, రోగ పరీక్షల రూపకల్పన కావచ్చు.

ఇంటర్వ్యూలో తప్పక వేయాల్సిన ప్రశ్న ఇది: "మీరు చివరిగా ఆపేసిన ప్రాజెక్టు ఏది? దాని మీద పనిచేసినవారు ఇప్పుడు ఎక్కడున్నారు?" సూటిగా చెప్పేవాళ్ల దగ్గర చేరవచ్చు. మాట దాటేస్తే అదీ ఒక జవాబే.

## జీసీసీ

నోవార్టిస్ ఏనాడో హైదరాబాద్‌లో పెద్ద కేంద్రం పెట్టింది. శానోఫీ, బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్, ఆమ్జెన్, ఎలై లిల్లీ కూడా వచ్చాయి. విదేశీ కంపెనీలు తమ సొంత పనుల కోసం ఇక్కడ నడిపే ఇలాంటి కేంద్రాలనే గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లు, అంటే జీసీసీలు అంటున్నారు. ఇక్కడి పని ప్రధానంగా రోగ పరీక్షల డేటా, జీవగణాంకాలు, మందుల భద్రత, వైద్య రచన, అనుమతుల పత్రాలు. పిపెట్ పట్టే పని దాదాపు ఉండదు.

నేను మొదట పెట్టిన కొలత ప్రకారం చూస్తే అన్నిటికన్నా గట్టిది ఇదే, కాస్త ఇబ్బందిగా ఉన్నా ఒప్పుకోవాలి. అల్జైమర్స్ మందు ఆగిపోతే క్యాన్సర్ మందు డేటా మీదకు వెళతారు. జీతం బాగుంటుంది, ఒకటో తేదీన వస్తుంది, "ఇంకా చదువేనా" అని అడిగే బంధువులు శాంతిస్తారు. పోస్ట్‌డాక్ అంటే ఏమిటో పెళ్లిచూపుల్లో వివరించాల్సిన బాధ కూడా తప్పుతుంది.

అయితే చెల్లించే మూల్యం కూడా అదే. అన్ని రోగాల మీద పనికొచ్చేవారికి మెదడు అనేది ప్రత్యేకంగా మిగలదు. రెండు మూడేళ్ల తర్వాత ల్యాబుకు తిరిగి రావడం దాదాపు అసాధ్యం. పోస్ట్‌డాక్‌లో ఎలక్ట్రోడులు దించుతూ, రాత్రి రెండు గంటలకు ఒక నాడీకణం చప్పుడు స్పీకర్లో వినబడితే ఒళ్లు పులకరించినవారు ఈ దారిలో అడుగుపెట్టే ముందు రెండుసార్లు ఆలోచించాలి. మాట్‌లాబ్, పైథాన్‌లో డేటా విశ్లేషిస్తుంటేనే సమయం తెలియనివారు మాత్రం నిక్షేపంగా వెళ్లవచ్చు. ఆర్ ప్రోగ్రామింగ్ భాష, క్లినికల్ డేటా ప్రమాణాలు ముందే కొంత నేర్చుకుని వెళితే మెట్టు పైనుంచి మొదలవుతుంది.

## స్టార్టప్ గురించి కొద్దిగా

కేంద్ర బయోటెక్నాలజీ శాఖ కింది బైరాక్ సంస్థ కొత్త ఆలోచనలకు ఇచ్చే బిగ్ గ్రాంటు 18 నెలలకు 50 లక్షల రూపాయల దాకా ఉంటుంది. జీవశాస్త్రంలో ఆ డబ్బు పరికరాలకు, రసాయనాలకే కరిగిపోతుంది. మీరు స్థాపకులైతే అది వేరే కథ. ఉద్యోగిగా చేరేటట్లయితే ఎన్ని నెలల జీతాలకు బ్యాంకులో డబ్బుందో అడిగి తెలుసుకోండి. అడిగినందుకు నొచ్చుకునే స్థాపకుల దగ్గర చేరకపోవడమే మేలు. అన్ని పనులూ నేర్చుకోవచ్చన్నది నిజమే, అన్ని పనులూ మీరే చేయాల్సి వస్తుందన్నదీ అంతే నిజం.

## ఒక్క చూపులో

| | ప్రాజెక్టు ఆగితే మిగిలేది | మీ పేరు | తిరుగుదారి | డబ్బు |
|---|---|---|---|---|
| పోస్ట్‌డాక్ | పేపరు వస్తే అంతా, రాకపోతే కొంత పద్ధతి మాత్రమే | పూర్తిగా | అన్నివైపులా | తక్కువ, ఆలస్యం కావచ్చు |
| సీఆర్‌ఓ | గట్టి ప్రయోగ నైపుణ్యం | దాదాపు లేదు | పరిశ్రమలో ఎటైనా | మధ్యస్థం, క్రమంగా వస్తుంది |
| సొంత మందు కంపెనీ | నిర్ణయాల అనుభవం, ఒక గ్రాహకం | పేటెంటులో, ఆలస్యంగా పేపర్లలో | కంపెనీలు తక్కువ | మధ్యస్థం నుంచి మంచిది |
| జీసీసీ | ఏ రోగానికైనా పనికొచ్చే డేటా నైపుణ్యం | అరుదు | ల్యాబుకు దాదాపు లేదు | మంచిది |
| స్టార్టప్ | అన్నీ కొద్దికొద్దిగా | మారుతుంది | మనుషుల్ని బట్టి | అనిశ్చితం |

## మీరెవరన్నదాన్ని బట్టి

ఎలుకల ప్రవర్తన, మందుల ప్రభావం మీద పీహెచ్‌డీ చేసినవారికి సీఆర్‌ఓనే సరైన మొదటి మెట్టు. మూడేళ్ల తర్వాత సొంత మందు కంపెనీకి వెళితే అక్కడ మీ మాటకు బరువుంటుంది.

ఎలక్ట్రోఫిజియాలజీ, న్యూరల్ సర్క్యూట్లు చేసినవారికి ఇక్కడి పరిశ్రమలో నేరుగా సరిపోయే పనులు తక్కువ. వారికి మంచి పోస్ట్‌డాక్ వస్తే వదులుకోవద్దంటాను. రాకపోతే, కణాల్లో విద్యుత్తును నడిపే అయాన్ చానెళ్ల మీద ప్యాచ్ క్లాంప్ అనే కొలత పద్ధతి తెలిసినవారికి మందుల భద్రత పరీక్షల వైపు దారి ఉంది. గుండెలోని హెర్గ్ చానెల్‌ను మందు అడ్డుకుంటుందా అన్నది ప్రతి అణువుకూ చూడాల్సిందే. మెదడు నుంచి గుండెకు మారినట్లు అనిపించవచ్చు, చేసే పని మాత్రం అదే.

మూలకణాల నుంచి నాడీకణాలు పెంచడం వచ్చినవారికి అన్ని తలుపులూ తెరిచే ఉన్నాయి, తొందరపడి మొదటి ఆఫర్‌కు తలూపవద్దు. ఇంటి బాధ్యత, అప్పు ఉన్నవారు మొహమాటపడకుండా జీసీసీనో సీఆర్‌ఓనో ఎంచుకోవాలి, విజ్ఞానం కోసం తల్లిదండ్రులను ఇబ్బంది పెట్టాలన్న నియమం ఎక్కడా లేదు. ప్రొఫెసర్ కావాలన్న కోరిక గట్టిగా ఉన్నవారు మాత్రం "ముందు రెండేళ్లు కంపెనీలో చేసి వస్తాను" అనుకోవద్దు. ఆ గడియారం ఆగదు.

## సంతకం పెట్టే ముందు

థీసిస్ సమర్పించి వైవా కాని దశలో చేరేవారిని కొన్ని చోట్ల ఎమ్మెస్సీ స్థాయి హోదాలో, జీతంలో తీసుకుంటారు. ప్రొవిజనల్ సర్టిఫికెట్ వచ్చాక హోదా మారుస్తామని నోటిమాటగా చెబితే ఒప్పుకోవద్దు. ఏ నెల నుంచి, ఏ హోదా అన్నది ఆఫర్ లెటర్‌లోనే రాయించుకోండి. నోటీసు గడువు 90 రోజులుంటే, ఫెలోషిప్ వచ్చినప్పుడు చేరాల్సిన తేదీకి అది అడ్డుపడుతుందేమో లెక్కచూసుకోండి. ఉద్యోగం మానేశాక ఎంతకాలం ఏం రాయకూడదో రహస్య ఒప్పందంలో చదవండి, ముఖ్యంగా పీహెచ్‌డీ నాటి పేపర్లు ఇంకా అచ్చుకావాల్సి ఉన్నవారు. వాటి జాబితాను చేరే రోజునే మానవ వనరుల విభాగానికి ఈమెయిల్‌లో పంపి, ఇవి పాత పని అని జవాబు తెప్పించుకోండి. ఆఫీసు ఎక్కడో కూడా చూసుకోండి. జీనోమ్ వ్యాలీ ఉన్నది శామీర్‌పేట వైపు, జీసీసీలు ఎక్కువగా ఉన్నవి రాయదుర్గం, హైటెక్ సిటీ వైపు. ఒకచోట ఇల్లు తీసుకుని మరోచోట పనిచేస్తే రోజుకు ఎన్ని గంటలు రోడ్డు మీద గడుస్తాయో, కంపెనీ బస్సు ఎక్కడిదాకా వస్తుందో, వారాంతాల్లో ఎలుకలకు మందు ఇవ్వాల్సిన వంతు వస్తే ఆ రోజు కూడా బస్సు ఉంటుందో లేదో కనుక్కోండి.